కోచ్ మనవాడే కావాలా?

2025 అక్టోబరు 12, ఆదివారం నాడు పెన్ స్టేట్ యూనివర్సిటీ తన అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసింది. ఆ యూనివర్సిటీ ఉన్న ఊరు మాకు దాదాపు వెయ్యి మైళ్లు. అయినా సోమవారం పొద్దున్న నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో మా ఆఫీసు కాఫీ మెషీన్ దగ్గర ఇంకో కబురు లేదు. మా నెబ్రాస్కా యూనివర్సిటీ కోచ్ మ్యాట్ రూల్ చదివింది పెన్ స్టేట్‌లోనే, లైన్‌బ్యాకర్‌గా (డిఫెన్స్‌లో ఒక స్థానం) ఆడిందీ అక్కడే. పుట్టింటి నుంచి పిలుపొస్తే ఆగుతాడా అని అందరికీ దిగులు. ఆగకపోతే తరవాత ఎవరన్న చర్చ మధ్యాహ్నం భోజనాల వేళకే ముదిరింది. తలా ఒక పేరు చెప్పారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ ఒక పెద్దాయన మాత్రం పేరేమీ చెప్పలేదు. "ఎవరైనా సరే, ఈసారి మనవాణ్ణి తెచ్చుకోవాలి. ఈ నేల తెలిసినవాడు కావాలి" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు.

అలా తలలూపడం చూశాకే ఇది రాయాలనిపించింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోచ్‌ని ఎంచుకునేటప్పుడు 'మనవాడు' అన్నది అర్హతల్లో చేరకూడదు. మిగతావన్నీ సమానమైనప్పుడు వేసే అదనపు మార్కుగా కూడా చేరకూడదు. ఎందుకంటే ఆ ఒక్క మార్కు వేశాక మిగతా లెక్కలు ఎవరూ చూడరు. ఆ యూనివర్సిటీ ఉన్న లింకన్‌లో ఎమ్మెస్ చదవడానికొచ్చి ఈ రాష్ట్రంలోనే ఉండిపోయిన మాలాంటి వాళ్లందరం ఇది కళ్లారా చూశాం.

ఇక్కడివాళ్లకి ఇంత ఆరాటం ఎందుకో బయటివాళ్లకి ఒక పట్టాన అర్థం కాదు. రాష్ట్ర జనాభా అటూ ఇటూగా ఇరవై లక్షలు. ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్) జట్టు లేదు, ఎన్‌బీఏ జట్టు లేదు. ఉన్నది ఒక్క యూనివర్సిటీ జట్టు. 1962 నవంబరు నుంచి మెమోరియల్ స్టేడియంలో టికెట్లు మిగలడమన్నది లేదు. శనివారం మ్యాచ్ ఉంటే ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద నగరమవుతుంది. కాబట్టి కోచ్ ఎవరన్నది వీళ్లకి కాలక్షేపం కబురు కాదు. అభిమానులు ఈ చర్చ చేయకూడదని నేను అనడం లేదు, చేయాలనే అంటాను. ఏ ప్రశ్న మీద చేస్తున్నారన్నదే నా బాధ.

ఫ్రాస్ట్ వచ్చిన రోజులు

2017 డిసెంబరులో స్కాట్ ఫ్రాస్ట్ కోచ్‌గా వచ్చినప్పుడు ఈ రాష్ట్రంలో రెండో మాట లేదు. లింకన్‌లో పుట్టాడు, వుడ్ రివర్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. 1997లో నెబ్రాస్కా నేషనల్ ఛాంపియన్ అయినప్పుడు క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని దాడిని నడిపే ఆటగాడు) అతనే. నెబ్రాస్కా మళ్లీ ఛాంపియన్ అవలేదు కాబట్టి, ఆఖరి వైభవానికి గుర్తు కూడా అతనే. పైగా రెండేళ్ల ముందు ఒక్క మ్యాచ్ కూడా గెలవని సెంట్రల్ ఫ్లోరిడా జట్టుని చేతిలోకి తీసుకుని, 2017లో 13కి 13 గెలిపించాడు. ఇంతకంటే ఏం కావాలి? మొదటి సీజన్‌కి ముందు ఏప్రిల్‌లో జట్టు రెండుగా విడిపోయి తమలో తాము ఆడుకునే స్ప్రింగ్ గేమ్‌కి కూడా స్టేడియం నిండిపోయింది.

2018 సెప్టెంబరు 1న ఆక్రన్‌తో అతని మొదటి మ్యాచ్. ఆట మొదలై కాకముందే ఉరుములు, మెరుపులు. గంటలకొద్దీ ఆగాక రద్దు చేశారు. వానలో తడుస్తూ ఎదురుచూసిన వేలమందిలో నేనూ ఉన్నాను. నా ముందు వరుసలో ఒక తాతగారు మనవడికి 1997 మ్యాచ్‌లు ఒక్కొక్కటే కథలాగా చెబుతున్నారు. మిజోరీతో ఆటలో ఫ్రాస్ట్ వేసిన బంతి ఒకడి కాలికి తగిలి పైకి లేచి, ఇంకొకడి చేతుల్లో పడి టచ్‌డౌన్ అయిన వైనం చెబుతుంటే ఆ పిల్లవాడు నోరు తెరిచి వింటున్నాడు. ఆ ప్రేమలో కల్మషం లేదు. ఆ ప్రేమని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు.

తరవాత జరిగింది అందరికీ తెలుసు. నాలుగు సీజన్ల గెలుపోటములు 4-8, 5-7, 3-5, 3-9. 2021లో ఓడిన తొమ్మిది మ్యాచ్‌లూ తొమ్మిది పాయింట్లలోపు తేడాతోనే. 2022 సెప్టెంబరులో జార్జియా సదరన్ చేతిలో సొంతగడ్డ మీద 45-42తో ఓడాక మర్నాడే పంపించేశారు. మొత్తం 16 గెలుపులు, 31 ఓటములు.

ఇక్కడ ఒక సంగతి దాదాపు అందరూ మరిచిపోయారు. ఫ్రాస్ట్ హైస్కూలు అయ్యాక మొదట ఎంచుకున్నది నెబ్రాస్కాని కాదు, స్టాన్‌ఫర్డ్‌ని. 1995లో తిరిగొచ్చాడు. 1997 సెప్టెంబరులో ఒక మ్యాచ్‌లో ఇదే మెమోరియల్ స్టేడియంలో ఇదే ఎర్రచొక్కాల జనం అతన్ని గేలిచేశారు. ఆ రోజు ప్రత్యర్థి సెంట్రల్ ఫ్లోరిడా, ఇరవయ్యేళ్ల తరవాత అతను కోచ్‌గా నిలబెట్టిన జట్టే. అప్పట్లో ఛాంపియన్‌ని ఓట్లతోనే తేల్చేవారు. సీజన్ ఆఖర్లో ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌లో టెనసీని 42-17తో ఓడించి, మైదానంలోనే మైకు ముందు నిలబడి తమ జట్టుకి టైటిల్‌లో వాటా ఇవ్వమని ఓటర్లని అడిగాడు. కోచ్‌ల పోల్ నెబ్రాస్కాకి ఇచ్చింది, విలేఖరులు ఓటేసే అసోసియేటెడ్ ప్రెస్ పోల్ మిషిగన్‌కి ఇచ్చింది. ఆ రాత్రితో 'మనవాడు' అయ్యాడు. అంటే మనవాడు కావడం పుట్టుకతో రాలేదు, గెలుపుతో వచ్చింది. గెలిచాక ఇచ్చిన బిరుదుని ఇరవయ్యేళ్ల తరవాత గెలుపుకి హామీపత్రంగా చదువుకున్నారు.

ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. ఫ్రాస్ట్‌ని కేవలం సొంతవాడనే తేలేదు కదా, ఆ ఏడు దేశమంతా అతన్నే చూస్తోంది కదా అంటారు. ఒప్పుకుంటాను. ఆ రోజు అతన్ని తీసుకోవడం తప్పని నేను అనను. అతని అనుభవం పత్రాల మీద బాగానే ఉంది. సొంతవాడన్న మాట చెరుపు చేసింది తీసుకున్నాక. సెంట్రల్ ఫ్లోరిడాలో తన దగ్గరున్న అసిస్టెంట్ కోచ్‌లందరినీ వెంటబెట్టుకొచ్చాడు. వీళ్లు నెబ్రాస్కా ఆడే బిగ్ టెన్ లీగ్‌లో, ఐయోవా, విస్కాన్సిన్ లాంటి బరువైన లైన్ల ముందు ఏం చేస్తారని గట్టిగా అడిగినవాళ్లు లేరు. బిగ్ టెన్ జట్లే తమ ఆటకి తగ్గట్టు మారాల్సి వస్తుందన్న అర్థంలో ఫ్రాస్ట్ మాట్లాడితే చప్పట్లు కొట్టారు. అదే మాట బయటి కోచ్ అనుంటే, ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచి చూపించమనేవాళ్లు.

2019 నవంబరు

మొత్తం కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఓటములు కాదు, 2019 నవంబరులో ఇచ్చిన పొడిగింపు. అప్పటికి ఫ్రాస్ట్ మొదటి ఏడు 4-8, రెండో ఏడు అప్పటిదాకా 4-5. ఫ్లోరిడా స్టేట్ అదే నెల మొదట్లో తన కోచ్‌ని తీసేసింది. ఫ్రాస్ట్ అక్కడికి పోతాడేమోనన్న గుసగుస బయలుదేరింది. రెండు వారాలు తిరగకుండానే నెబ్రాస్కా అతని ఒప్పందాన్ని 2026 దాకా పొడిగించింది. ఏడాదికి 50 లక్షల డాలర్ల జీతం.

మధ్యలో కోచ్‌ని తీసేస్తే మిగిలిన ఏళ్లకి డబ్బు కట్టాలి కాబట్టి, పొడిగింపు అంటే రేపు తీసేయడానికి అయ్యే ఖర్చుని ఇవాళే పెంచుకోవడం. ఓడుతున్న కోచ్‌కి ఆ పని ఎవరు చేస్తారు? వెళ్లిపోతే ఊరు క్షమించదని భయపడేవాళ్లు చేస్తారు. 2021 చివర్లో కొత్త అథ్లెటిక్ డైరెక్టర్ (యూనివర్సిటీ క్రీడా విభాగానికి పెద్ద) ట్రెవ్ ఆల్బర్ట్స్ జీతం తగ్గించి ఒప్పందాన్ని తిరగరాశారు. 2022 అక్టోబరు 1 దాటితే కట్టాల్సిన సొమ్ము కోటిన్నర డాలర్ల నుంచి 75 లక్షలకి తగ్గేలా ఏర్పాటు. చివరికి మూడు వారాలు కూడా ఆగలేక సెప్టెంబరు 11నే కోటిన్నరా ఒప్పుకుని పంపేశారు.

'మనవాడు' అన్న మాటకి అయిన ఖర్చు ఇది. ఈ ఖర్చు అతనికీ తగిలింది. బయటివాడు ఓడితే కోచ్‌గా ఓడతాడు. ఫ్రాస్ట్ ఓడినప్పుడు వీధుల్లో మాట్లాడింది కొడుకు చెడిపోయిన ఇంటి గురించి మాట్లాడినట్టు. ఇప్పుడు మళ్లీ సెంట్రల్ ఫ్లోరిడాలోనే కోచ్‌గా ఉన్నాడు.

సొంతవాణ్ణి గెంటిన ఊరు

సొంతవాడైతే ఓపిక పడతాం, ఓపిక పడితేనే జట్టు నిలబడుతుంది అంటాడు మా ఆఫీసు పెద్దాయన. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఫ్రాంక్ సోలిచ్ గుర్తుకొస్తాడు. నెబ్రాస్కాకే ఫుల్‌బ్యాక్‌గా ఆడాడు. టామ్ ఆస్బోర్న్ దగ్గర ఏళ్ల తరబడి అసిస్టెంటుగా పనిచేసి, 1998లో ఆయన గద్దె ఎక్కాడు. ఆరేళ్లలో 58 గెలిచి 19 ఓడాడు. 2001 సీజన్‌లో జట్టుని టైటిల్ మ్యాచ్ దాకా తీసుకెళ్లాడు. 2003లో 9-3తో సీజన్ ముగించిన మర్నాడే తీసేశారు. తీసేసిన అథ్లెటిక్ డైరెక్టర్ స్టీవ్ పీడర్సన్ కూడా నెబ్రాస్కా బిడ్డే, నార్త్ ప్లాట్‌వాడు.

సోలిచ్ ఆ తరవాత ఒహాయో యూనివర్సిటీకి వెళ్లి అక్కడ వంద మ్యాచ్‌ల పైనే గెలిచాడు. లింకన్ స్టేడియం అతన్ని మళ్లీ గౌరవంగా పిలిచింది 2023 ఏప్రిల్‌లో, న్యూయార్క్‌లో పుట్టిన రూల్ కోచ్‌గా వచ్చాక. 58 గెలిచినవాడి మీద ఆరేళ్లకే ఓపిక పోయింది. 16 గెలిచినవాడి మీద అయిదో సీజన్ దాకా నిలిచింది. ఇద్దరూ సొంతవాళ్లే. కాబట్టి బంధుత్వానికీ ఓపికకీ ముడి లేదు.

అటువైపు బలమైన సాక్ష్యం ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. ఆస్బోర్న్ ఈ రాష్ట్రంలోని హేస్టింగ్స్‌లో పుట్టినవాడు. పాతికేళ్లు కోచ్‌గా ఉండి ఏ ఏడూ తొమ్మిదికి తక్కువ గెలవలేదు, మూడు టైటిళ్లు తెచ్చాడు. జార్జియాలో ఆడిన కర్బీ స్మార్ట్ జార్జియాకే 2021, 2022 సీజన్లలో టైటిళ్లు తెచ్చాడు. మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ జిమ్ హార్బా మిషిగన్‌కి 2023 సీజన్‌లో తెచ్చాడు. మరి ఇవన్నీ?

ఒక్కొక్కటీ విప్పి చూస్తే నాకు కనిపించేది వేరు. స్మార్ట్ సొంతింటికి రాకముందు అలబామాలో హెడ్ కోచ్ నిక్ సేబన్ దగ్గర తొమ్మిది సీజన్లు డిఫెన్స్ నేర్చుకున్నాడు. హార్బా స్టాన్‌ఫర్డ్‌ని లేపి, ఆ పైన ఎన్ఎఫ్ఎల్ జట్టు ఫార్టీనైనర్స్‌ని ఫైనలైన సూపర్ బౌల్‌కి చేర్చి వచ్చాడు. హార్బా విషయంలో ఇంకో గొప్ప సంగతి ఉంది. చిరకాల ప్రత్యర్థి ఒహాయో స్టేట్ చేతిలో వరుసగా అయిదుసార్లు ఓడి, 2020లో 2-4తో కూలబడ్డాక, మిషిగన్ తన ముద్దుబిడ్డ జీతాన్ని దాదాపు సగానికి కోసి కొత్త ఒప్పందం ముందు పెట్టింది. మరుసటి ఏడే ఒహాయో స్టేట్ మీద గెలిచాడు. అలా ముక్కుసూటిగా లెక్క అడగగలిగిన చోట సొంతవాడు పనికొచ్చాడు. నెబ్రాస్కా మొహమాటానికి పోయింది.

ఆస్బోర్న్ సంగతికొస్తే, అతన్ని చేరదీసి నేర్పి తన కుర్చీ అప్పగించిన బాబ్ డెవనీ మిషిగన్‌లో పుట్టి, వయోమింగ్‌లో పనిచేసి వచ్చినవాడు. 1961లో 3-6-1గా (చివరిది టై) ఉన్న జట్టు అతను రాగానే 1962లో 9-2 అయింది. అరవై ఏళ్లకి పైగా ఖాళీ లేకుండా నిండుతున్న ఆ గ్యాలరీల వరుస మొదలైంది ఆ బయటివాడి మొదటి సీజన్‌లోనే. 1970, 71 టైటిళ్లూ అతనివే. ఈ రాష్ట్రం తనదని గర్వంగా చెప్పుకునేదానికి పునాది వేసింది బయటివాడు.

వదిలిపోడన్న నమ్మకం

మా స్నేహితుడొకడు ఉన్నాడు, గుంటూరువాడు, నేనొచ్చిన ఏడే లింకన్‌కి ఎమ్మెస్‌కి వచ్చాడు. ఆటంటే ప్రాణం. దీపావళి భోజనాల దగ్గర ఈ సంగతే కదిలింది. "నువ్వెన్ని చెప్పు, సొంతూరోడైతే మధ్యలో వదిలేసి పోడు. అదొక్కటి చాలదా?" అన్నాడు. ఆల్బర్ట్స్ సంగతేంటని అడిగాను. నెబ్రాస్కాలో లైన్‌బ్యాకర్‌గా 1993లో దేశంలో మేటి లైన్‌బ్యాకర్‌కిచ్చే బట్‌కస్ అవార్డు గెలిచిన ఆల్బర్ట్స్ 2024 మార్చిలో టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీకి వెళ్లిపోయారు. వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత "డిలన్ రయోలా ఉన్నాడుగా" అన్నాడు. రయోలా అప్పటి మా క్వార్టర్‌బ్యాక్. తండ్రి డామినిక్ ఇక్కడే ఆడినవాడు కాబట్టి ఆ కుర్రాడి మీద అందరికీ అంత నమ్మకం. ఆ సీజన్ అయ్యాక రయోలా కూడా ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (వేరే యూనివర్సిటీకి మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) చేరాడు. వెళ్లినందుకు వాళ్లెవరినీ నేను తప్పుపట్టను, ఎవరి బతుకు వాళ్లది. బంధుత్వం వల్ల కట్టుబడి ఉంటారన్న లెక్క మాత్రం తేలలేదు.

అదే మాటల్లో నేను సింధు సంగతి ఎత్తాను. రియోలో వెండి తెచ్చినప్పుడు పక్కన గోపీచంద్ ఉన్నాడని మనం పొంగిపోయాం. టోక్యోలో కంచు తెచ్చినప్పుడు పక్కనున్నది కొరియా కోచ్ పార్క్ తే సాంగ్. ఆ రాత్రి మనింట్లో ఎవరికైనా ఆనందం రవ్వంత తగ్గిందా? వాడు ఒప్పుకోలేదు. "గోపీచంద్ వేసిన పునాది లేకపోతే పార్క్ ఎక్కడ?" అన్నాడు. అది గట్టి మాటే. కానీ గోపీచంద్ పునాది వేసింది మనవాడు కాబట్టా? ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాడు, గచ్చిబౌలి అకాడమీలో తెల్లవారకముందే కోర్టు మీదుండేవాడు కాబట్టి వేశాడు. మన తెలుగువాడన్నది మన సంతోషం. అతని శక్తికి కారణం అది కాదు.

రూల్ దగ్గర నా వాదనకి చిక్కు

ఇంతదాకా వచ్చాక ఒక చిక్కు. రూల్ ఇక్కడివాడు కాడు. 2022 నవంబరులో ఎనిమిదేళ్లకి 7.4 కోట్ల డాలర్ల ఒప్పందం మీద వచ్చాడు. టెంపుల్ యూనివర్సిటీలో మొదటి ఏడు 2-10 అయిన జట్టుని మూడో ఏడు పది గెలుపులకి తెచ్చాడు. బేలర్ యూనివర్సిటీలో 1-11 నుంచి మూడో ఏటికల్లా 11-3. ఇక్కడ 5-7, 7-6, మళ్లీ 7-6. పెన్ స్టేట్ గోల మొదలయ్యాక, అక్టోబరు చివర్లో, నెబ్రాస్కా రూల్‌కి 2032 దాకా పొడిగింపు ఇచ్చింది. ఆ తరవాత నవంబరులో పెన్ స్టేట్ మీద 37-10తో, ఐయోవా మీద 40-16తో ఓడింది.

అంటే 2019లో ఫ్రాస్ట్‌కి జరిగిందే బయటివాడికీ జరిగింది. మరి తప్పు బంధుత్వానిదని ఎలా అంటాను? దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచింది ఇది. ఇక్కడ భయం పుట్టింది కూడా అదే నమ్మకం నుంచి. రూల్ పెన్ స్టేట్ మనిషి కాబట్టి పెన్ స్టేట్‌కే పోతాడని ఇక్కడందరూ ముందే తీర్మానించుకున్నారు. అతని భార్యాపిల్లలు, చేతిలో ఉన్న జట్టు, సగంలో ఉన్న పని ఏవీ లెక్కలోకి రాలేదు. తీరా చూస్తే పెన్ స్టేట్ డిసెంబరులో తెచ్చుకున్నది ఐయోవా స్టేట్ కోచ్ మ్యాట్ క్యాంబెల్‌ని. ఆ యూనివర్సిటీతో అతనికి పాత బంధమేదీ లేదు. వాళ్లు చూసింది ఐయోవా స్టేట్ లాంటి చోట అతను ఏళ్ల తరబడి కట్టినదాన్ని.

కాబట్టి నా వాదన కొంచెం మార్చుకుని చెబుతాను. సొంతవాడు ఉంటాడు, పరాయివాడు పోతాడు అన్న ఊహతో ఎవరి ఒప్పందమూ రాయకూడదు, ఎటువైపూ. ఆ అక్టోబరులో రూల్‌కి పొడిగింపు బదులు, సీజన్ ముగిశాక మాట్లాడదామని చెప్పి ఆగి ఉండాల్సిందని నా నమ్మకం. ఆగితే పోయుండేవాడేమో. పోనివ్వాల్సింది. అప్పటికి 18 గెలిచి 15 ఓడిన లెక్క చేతిలో ఉన్నప్పుడు అంత భయపడక్కర్లేదు.

2022లో ఫ్రాస్ట్ వెళ్లాక ఇక్కడ వినిపించిన పేర్లలో కాన్సస్ కోచ్ లాన్స్ లైపోల్డ్‌ది ఒకటి. మా పెద్దాయన అప్పుడూ అతని పక్షమే. కారణం అడిగితే, సోలిచ్ రోజుల్లో అతను లింకన్‌లో చిన్న ఉద్యోగం చేశాడని, ఒమాహాలో కూడా పనిచేశాడని చెప్పాడు. లైపోల్డ్ విస్కాన్సిన్-వైట్‌వాటర్‌లో 109 గెలిచి 6 ఓడాడు, చిన్న కాలేజీలు ఆడే డివిజన్ త్రీలో ఆరు టైటిళ్లు తెచ్చాడు. ఎవరూ ఆశ పెట్టుకోని కాన్సస్‌ని 2023లో 9-4 దాకా లేపాడు. ఈ లెక్కలన్నీ పెద్దాయనకి నాకంటే బాగా తెలుసు. కానీ మొదట నోటికొచ్చింది లింకన్ ఉద్యోగం. ఈ మధ్య మళ్లీ అడిగాను, రేపు రూల్ స్థానం ఖాళీ అయితే ఎవరు కావాలని. లైపోల్డ్ వయసు మీరిందని, కాన్సస్ వరసగా రెండేళ్లు 5-7 అని తనే చెప్పి, ఇంకో ఇద్దరి పేర్లు చెప్పాడు. ఇద్దరి గురించీ మొదట చెప్పింది వాళ్లు ఎక్కడ పుట్టారో కాదు, వాళ్ల లైన్ కోచ్‌లు ఎవరో. ఒక గంట వాదించుకున్నాం. ఆ ఇద్దరిలో ఒకడి మీద నాకు ఇప్పటికీ గురి కుదరలేదు. థర్డ్ డౌన్‌లో, అంటే ప్రత్యర్థి మూడో ప్రయత్నంలో, అతని డిఫెన్స్ నిలవదు.